చాప మీది స్వేచ్ఛ: హైదరాబాద్‌లో భక్త్‌సింగ్ సంఘాల నిత్యజీవితం

2000 సెప్టెంబరు 22న నారాయణగూడ, హిమాయత్‌నగర్ దారులు జనంతో నిండిపోయాయి. ఐదు రోజుల ముందు, సెప్టెంబరు 17న, హైదరాబాద్‌లో కన్నుమూసిన తొంభై ఏడేళ్ల పెద్దాయనను ఆ రోజు నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికకు తీసుకొచ్చారు. రెండున్నర లక్షల మంది వచ్చారని ఆయన జీవితచరిత్ర రాసిన టి.ఇ. కోశి లెక్క. ఆ లెక్కను కొంత తగ్గించుకున్నా, ఏ పదవీ లేని మనిషి అంతిమయాత్రకు నగరంలో అంతమంది కదలడం మామూలు విషయం కాదు.

ఆయన పేరు భక్త్‌సింగ్. పంజాబీ. సిక్కు కుటుంబంలో పుట్టారు. బిషప్ కారు, ఏ మిషనూ ఆయనకు జీతం ఇవ్వలేదు. తెలుగు ఆయన మాతృభాష కాదు, ప్రసంగించేటప్పుడు పక్కన అనువాదకుడు నిలబడేవాడు. అయినా కోస్తా నుంచి తెలంగాణ దాకా తెలుగు ఊళ్లలో వేల కుటుంబాలు తెల్లవారి లేచి చేసే మొదటి పనిని ఆయన మార్చారు. ఆయన ఉద్యమం గురించి రాసేవాళ్లు సాధారణంగా పెద్ద సభలతో, పందిళ్లతో, జనసంఖ్యతో మొదలుపెడతారు. దాని అసలు చరిత్ర మాత్రం పొయ్యి వెలిగించకముందు, పిల్లలు లేవకముందు, ఇంట్లో ఒక మూల మోకాళ్లు వంచిన అలవాటులో ఉంది.

ఆ అంతిమయాత్ర సాగిన నారాయణగూడ, హిమాయత్‌నగర్ పరిసరాలకు క్రైస్తవం కొత్తేమీ కాదు. అబిడ్స్‌లో సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది. చాపెల్ రోడ్డులో ఆల్ సెయింట్స్ స్కూలు 1855లో, మెథడిస్టుల స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో మొదలయ్యాయి. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కు 1870లో పునాదిరాయి పడింది, 1875 క్రిస్మస్ నాటికి తలుపులు తెరుచుకున్నాయి. హిమాయత్‌నగర్ వయసు వాటికంటే తక్కువ. ఏడో నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్, అంటే ఆజం జా, పేరు మీద వెలసిన పేట ఇది. నిజాం నివసించిన కింగ్ కోఠీ ఇక్కడికి కూతవేటు దూరం. లిబర్టీ దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేంకటేశ్వరాలయం ఉంది. మసీదు, గుడి, చర్చి ఒకే రోడ్డు మీద పక్కపక్కన కనిపించే పేటల్లో ఇదొకటి.

కానీ నగరంలోని పాత చర్చిలకూ పల్లెల్లోని తెలుగు క్రైస్తవులకూ మధ్య చాలా దూరం ఉండేది. బ్రిటిష్ రెసిడెన్సీ ఉద్యోగులు, కంటోన్మెంటు సైనికులు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లీషులో ఆరాధించుకునేవారు. పల్లె క్రైస్తవం మరో దారిలో వచ్చింది. 1870ల చివర సికింద్రాబాద్ చేరిన వెస్లియన్ మెథడిస్టులు మెదక్ వైపు వెళ్లారు. అక్కడ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువుకాలంలో కూలి జనానికి పని చూపించి కట్టించిన కెథెడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ నాయకత్వంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

మిషన్లు చేసిన మేలు చిన్నది కాదు. అక్షరం ముట్టుకోనివ్వని కులాల పిల్లల చేతికి పలక ఇచ్చింది మిషను బడే. రోగిని తాకి చూసింది మిషను ఆస్పత్రే. అయితే బడి, ఆస్పత్రి, ఉద్యోగం, ఇల్లు, చివరికి సమాధి స్థలం కూడా మిషను కాంపౌండు నుంచే వస్తున్నప్పుడు, విశ్వాసం కూడా దొరగారి చేతి మీదుగానే అందేది. ఊరి దొర నుంచి విడుదలైన మనిషి మరో దొర నీడలోకి చేరాడు. ఈ దొర దయగలవాడు, అందులో సందేహం లేదు. కానీ డబ్బు బయటి నుంచి వచ్చినంత కాలం నిర్ణయం కూడా బయటి నుంచే వస్తుంది. తెలుగు క్రైస్తవులలో ఆలోచించేవాళ్లకు ఈ సంగతి ముందునుంచీ తెలుసు. 1912లో దోర్నకల్ పీఠానికి తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా వచ్చిన వి.ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ల ముందే ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో పాశ్చాత్యుల ఎదుట నిలబడి, మీ త్యాగాలు మాకు తెలుసు, మాకు కావలసింది స్నేహం అన్న అర్థంలో మాట్లాడి వచ్చారు.

భక్త్‌సింగ్ కథ ఇదే ప్రశ్నకు ఇంకో వైపు నుంచి వచ్చింది.

1903 జూన్ 6న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబ్ పల్లె జోయియాలో ఆయన పుట్టారు. మిషను బడిలో చదివే రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలును చింపేసి, అట్ట అందంగా ఉందని దాన్ని మాత్రం దాచుకున్నానని తర్వాతి కాలంలో ఆయనే సాక్ష్యం చెప్పుకున్నారు. 1926లో ఇంజనీరింగ్ చదువుకు లండన్ వెళ్లేటప్పుడు మతం మారనని తల్లికి మాట ఇచ్చారు. 1928లో కెనడా వెళ్లే ఓడలో, కుతూహలం కొద్దీ మొదటి తరగతి భోజనశాలలో జరుగుతున్న క్రైస్తవ ఆరాధనకు వెళ్లి కూర్చున్నారు. అందరూ మోకరించారు. ఆయన ఒక్కరే నిలబడి ఉండాలా, వాళ్లతో పాటు వంగాలా? జాతి గర్వం, మత గర్వం, చదువు గర్వం అడ్డు వచ్చాయని, వాటిని దాటి మోకరించానని ఆయన చెప్పుకున్నారు. 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో ఒక మిత్రుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకుని చదివారు. 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు.

దేశానికి తిరిగి రాకముందు ప్రార్థనలో తనకు మూడు షరతులు ఎదురయ్యాయని ఆయన చెప్పేవారు. పంజాబ్‌లోని తండ్రి ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. ఏ సంస్థలోనూ చేరకుండా అందరికీ సమానంగా సేవ చేయాలి. సొంత పథకాలు వేసుకోకూడదు. ఈ మూడింటిలో దేనికీ జీతంతో సంబంధం ఉండదు, పదవితో సంబంధం ఉండదు. తర్వాత యాభై అరవై ఏళ్లు తెలుగు సంఘాలు చూసిన భక్త్‌సింగ్ ఈ మూడు షరతుల్లో ముందే ఉన్నారు.

1933 ఏప్రిల్ 6న బొంబాయిలో ఓడ దిగితే తల్లిదండ్రులు ఎదురువచ్చారు. నువ్వు నమ్మేది నమ్ముకో, కుటుంబం పరువు కోసం బయటికి మాత్రం చెప్పకు అని అడిగారు. ఆయన కాదన్నారు. వాళ్లు ఆయన్ను బొంబాయిలోనే వదిలి వెళ్లిపోయారు. ఆయన ఆ నగరం వీధుల్లో నిలబడి ప్రకటించడం మొదలుపెట్టారు.

రహస్యంగా ఉంచుకోమనే ఈ కోరిక తెలుగు నేలకు కొత్త కాదు, పాతబడనూ లేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 25వ అధికరణలో మనస్సాక్షి స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి ప్రచారం చేసుకునే హక్కును ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మాత్రం, హిందూ మతం కాక మరో మతం అవలంబించేవారిని ఆ జాబితాలోకి రానివ్వలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి దళిత క్రైస్తవులు బీసీ-సి వర్గంలోకి వచ్చారు, వారికి దక్కింది ఒక్క శాతం రిజర్వేషన్. దీని ఫలితం ప్రతి తెలుగు ఊళ్లోనూ కనిపిస్తుంది. సర్టిఫికెట్‌లో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. ఆఫీసులో ఒక గుర్తింపు, ఆదివారం ఇంకో గుర్తింపు. కులం పేరిట పడిన దెబ్బ మతం మారితే మానదని తెలిసిన కుటుంబం, బిడ్డ చదువు కోసం విశ్వాసాన్ని గోప్యంగా ఉంచుకుంటే ఆ కుటుంబాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. కానీ నమ్మినదాన్ని బయటికి చెప్పుకోలేని చోట స్వేచ్ఛ సగమే ఉన్నట్టు. బొంబాయి రేవులో భక్త్‌సింగ్‌ను తల్లిదండ్రులు అడిగిన మాటను ఇక్కడ ఒక చట్టం లక్షల మందిని అడుగుతోంది.

బొంబాయి, కరాచీ, పంజాబ్ తిరిగాక, 1937లో మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో ఆయన సభల వల్ల పెద్ద ఉజ్జీవం వచ్చింది. మరుసటి ఏడాది మద్రాసు వచ్చారు. అప్పటి మద్రాసు తెలుగువాళ్లకూ రాజధాని. సభలకు జనం పోటెత్తారు. అయితే మారుమనస్సు పొందినవాళ్లు తర్వాత ఏ సంఘానికి వెళ్లాలన్నది సమస్య అయింది. కొద్దిమంది సహోదరులతో పల్లావరం కొండ మీద ప్రార్థనలో గడిపాక, 1941 జూలై 12న మద్రాసులో యెహోవా షమ్మా పేరుతో కొత్త సంఘం మొదలైంది. ఆ డిసెంబరులోనే, లేవీయకాండము 23వ అధ్యాయంలోని పండుగలను ఆధారం చేసుకుని, తొలి హోలీ కాన్వొకేషన్, అంటే రోజుల తరబడి సాగే పరిశుద్ధ మహాసభ, జరిగింది. 1950 ప్రాంతంలో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను అనే సంఘ కేంద్రం వెలసింది. నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగి అప్పటికి దాదాపు రెండేళ్లు. నిజాం పాలన పోయి, కొత్త రాజ్యాంగం వచ్చి, పాత విధేయతలన్నీ తారుమారవుతున్న నగరం అది. అక్కడి నుంచి వందలాది స్థానిక సంఘాలు పుట్టాయి. వాళ్లు తమకు శాఖ పేరు పెట్టుకోలేదు. జనమే హెబ్రోను సంఘాలు, భక్త్‌సింగ్ సంఘాలు అని పిలిచారు.

ఈ సంఘాల్లో విశ్వాసి రోజు ఏకాంత ప్రార్థనతో మొదలవుతుంది. బైబిలు తెరవాలి, ఒక భాగం చదవాలి, చదివినదాంట్లో తనకు తగిలిన మాటను పట్టుకుని ప్రార్థించాలి. భక్త్‌సింగ్ మోకాళ్ల మీద ఉండి బైబిలు చదివేవారు. సంఘాల్లోనూ చాలామంది అదే నేర్చుకున్నారు. తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక వాక్యభాగం, పిల్లలతో సహా అందరి ప్రార్థన. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ అదే. దీనికి పాస్టరు అక్కర్లేదు, గుడి అక్కర్లేదు, గంట అక్కర్లేదు.

పైకి చాలా చిన్న పని ఇది. లోపల జరిగింది పెద్దది. మొదటిది, చదువు. తనంతట తాను బైబిలు చదవకుండా ఈ జీవితం సాగదు గనక, చదువురాని తల్లులు అక్షరాలు నేర్చుకోవలసి వచ్చింది. తెలుగు బైబిలు కథ అప్పటికే వందేళ్లు దాటింది. విశాఖపట్నంలో అగస్టస్ డెగ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి తెలిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన 1818లో వెలువడింది. అచ్చులో పుస్తకం ఉండడం ఒక సంగతి. కూలి ఇంట్లో తెల్లవారుజామున లాంతరు వెలుగులో దాన్ని ఒకరు చదివి మరొకరు వినడం వేరే సంగతి.

రెండోది, అధికారం. ఉదయం తాను స్వయంగా చదివి ప్రార్థించిన మనిషి, ఆదివారం ప్రసంగాన్ని ఊరికే వినడు. అది తాను చదివినదానితో సరిపోయిందో లేదో చూసుకుంటాడు. బోధకుడి మీద కళ్లు మూసుకుని ఆధారపడే అలవాటు అక్కడ తెగిపోతుంది. ఆత్మీయ స్వాతంత్ర్యం అని భక్త్‌సింగ్ సంఘాలవాళ్లు మాట్లాడినప్పుడు వాళ్ల మనసులో ముందు ఉన్నది పాపం నుంచి, భయం నుంచి విడుదల. తాగుడు మానడం, అప్పు ఎగ్గొట్టకపోవడం, దయ్యాలకు, దుశ్శకునాలకు జడవకపోవడం. కానీ ఈ విడుదలను నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్నకు వాళ్లు చెప్పిన జవాబు మహాసభ కాదు, మహిమ కాదు. రేపు ఉదయం మళ్లీ మోకరించడం.

పంజాబీ నేతృత్వంలోని ఈ సంఘాలు మాత్రమే ఈ దారి పట్టాయనుకోకూడదు. 1938లో రాజమండ్రిలో లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి ఎం. దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను పూర్తిగా తెలుగు గడ్డ మీద పుట్టింది. తెల్లవారుజామున నిశ్శబ్దంగా దేవుని ఎదుట కనిపెట్టుకుని ఉండే సన్నిధి అభ్యాసం ఆ మిషనుకు ప్రాణం. ఆయన 1960లో పరమపదించారు. ఆయన వరవడి నేటికీ గుంటూరు దగ్గర కాకాని సభల్లో కనిపిస్తుంది. మిషను కాంపౌండుల్లోనూ, దోర్నకల్, మెదక్ పల్లెల్లోనూ సాయంత్రం ప్రార్థన ముందునుంచే ఉంది. అయితే అక్కడ బడిపంతులు గంట కొడితే జనం చేరేవారు. హెబ్రోను, బైబిలు మిషను ఆ గంటను మనిషి లోపల పెట్టాయి. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇరవయ్యో శతాబ్దం తెచ్చిన పెద్ద మార్పు ఇదే.

ఇక ఆదివారం.

చెప్పులు బయట వదలాలి. లోపల కుర్చీలు లేవు, చాపలు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ముసుగు వేసుకుని ఇంకో పక్క. డోలక్, తాళాలతో సీయోను గీతములలో నుంచి పాటలు. చర్చి ఆర్గన్ మీద ఇంగ్లీషు బాణీలకు అలవాటుపడ్డ పట్నం క్రైస్తవులకు ఇది మొదట్లో భజన మందిరంలా అనిపించింది. పల్లెవాళ్లకు మాత్రం సొంత ఇంట్లో కూర్చున్నట్టు ఉంది. ముందే అచ్చువేసిన ఆరాధన క్రమం ఏదీ ఉండదు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ వారంలో తాము చదివినదాని నుంచి దేవుణ్ణి స్తుతిస్తారు. రిక్షా తొక్కే మనిషి లేచి మాట్లాడితే బ్యాంకు ఆఫీసరు తలవంచి ఆమేన్ అంటాడు. వారమంతా ఉదయం చదవనివాడికి ఇక్కడ చెప్పడానికి ఏమీ ఉండదు. అంటే ఆదివారం ఆరాధనకు దినుసు ఆరు రోజుల ఇంటి ప్రార్థనే. ఆ స్తుతి ఒక్కోసారి గంటలు సాగుతుంది. ఆ తర్వాత రొట్టె విరిచి, ఒకే పాత్ర నుంచి పంచుకుంటారు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసులు నాలుగు పనుల్లో ఎడతెగక ఉన్నారని ఉంది: బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. ఈ సంఘాల కట్టడమంతా ఆ నాలుగింటి మీదే.

ఆరాధన అయ్యాక ప్రేమ విందు. అదే చాపల మీద వరుసలుగా కూర్చుంటారు. పెద్ద గుండిగల్లో వండిన అన్నం, కూర వడ్డిస్తారు. వండినవాళ్లు, వడ్డించేవాళ్లు సంఘంలోని వాళ్లే. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్న నియమం లేదు. ఆ రోజుల్లో తెలుగు ఊళ్లో ఇది ఎంత పెద్ద మాటో గుర్తుచేసుకోవాలి. మాల, మాదిగ క్రైస్తవులు కూడా వేర్వేరుగా కూర్చున్న చర్చిలు ఉన్నాయి. కమ్మ, రెడ్డి, కాపు ఇళ్ల నుంచి వచ్చిన కొత్త విశ్వాసి ఎవరు వండారో, పక్కన ఎవరు కూర్చున్నారో అడగకుండా అన్నంలో చెయ్యి పెట్టాలి. కొందరు తినలేక వెళ్లిపోయి ఉంటారు. తిన్నవాళ్లు మాత్రం తమ తాతలు దాటని గీత దాటారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రేమండ్ గోల్స్‌వర్తీ, ఫ్రెడ్ ఫ్లాక్ వంటి తెల్లవాళ్లు ఒక భారతీయుడి నాయకత్వం కింద, అదే చాప మీద కూర్చుని, అదే అన్నం తిన్నారు. మిషను బంగళాల కాలం చూసినవాళ్లకు అది నమ్మలేని దృశ్యం.

కులం అక్కడితో పోయిందని చెప్పలేం. పెళ్లి సంబంధాల దగ్గర అది మళ్లీ లేచి వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. ప్రేమ విందులో కలిసి తిన్న రెండు కుటుంబాలు వియ్యమందడానికి వెనకాడితే ఆ చాప పాఠం ఇంటి గడప దాకా రాలేదన్నట్టే.

డబ్బు విషయంలో భక్త్‌సింగ్ పెట్టిన నియమం మరీ కఠినం. సేవకుడికి జీతం లేదు. చందా అడగకూడదు. అవసరం ఎంతో బయటికి చెప్పకూడదు, దేవుడికి చెప్పుకోవాలి. హైదరాబాద్ హెబ్రోను సభలకు ఒక్కోసారి ఇరవై అయిదు వేల మంది దాకా వచ్చేవారు. రోజుల తరబడి డేరాల్లో బస, పెద్ద పందిట్లో తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయే దాకా కూటాలు, అందరికీ భోజనం. ఆ ఖర్చంతా విశ్వాసులు తమంతట తాము ఇచ్చిన కానుకలతోనే గడిచింది. వేదిక మీద నుంచి ఎవరూ చెయ్యి చాచలేదు. బియ్యం ఏరినవాళ్లు, కూరలు తరిగినవాళ్లు, చాపలు పరిచినవాళ్లు అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. సభల రోజుల్లో వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని పాడుతూ నగరవీధుల్లో ఊరేగింపుగా వెళ్లేవారు. విశ్వాసాన్ని ఇంట్లో దాచుకోమని సమాజం చెప్పినవాళ్లు నడివీధిలో తలెత్తి నడిచిన గంట అది.

ఈ నియమం వెనక ఒక లెక్క ఉంది. అడగనివాడు ఎవరికీ బాకీ పడడు. ధనవంతుడైన విశ్వాసికి సంఘం మీద పెత్తనం రాదు, విదేశీ సంస్థకూ రాదు. ఇవాళ టీవీ తెరల మీద ఖాతా నంబర్లు, మొక్కుబడుల జాబితాలు చూపించి ఆశీర్వాదానికి ధర కట్టే బోధలు పెరిగిపోయాయి. వాటి పక్కన పెట్టి చూస్తే, మూడు తరాల కిందటి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఉద్యమం చెయ్యి చాచకుండా నడిచిందన్న సంగతి కొత్త తరానికి తెలియాలి. అయితే ఆ భారం మోసింది ఎవరో కూడా చెప్పాలి. నియమం సేవకుడిదే అయినా, నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగంటినప్పుడు పిల్లలకు సర్దిచెప్పింది సేవకుడి భార్య. ఆ స్త్రీల విశ్వాసాన్ని ఏ పుస్తకమూ సరిగ్గా రాయలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. స్వేచ్ఛను కాపాడటానికి పుట్టిన అలవాటే కాలం గడిచాక కట్టుబాటుగా మారడం ప్రతి భక్తి ఉద్యమంలోనూ జరిగింది. హెబ్రోను సంఘాల్లోనూ జరిగింది. తెల్లబట్టలు, నగలు పెట్టుకోకపోవడం, సినిమాకు వెళ్లకపోవడం, ముసుగు: ఇవన్నీ మొదటి తరంలో ఆడంబరం నుంచి విడుదల. పేదింటి ఆడబిడ్డ బంగారం లేకుండా పెళ్లి చేసుకోగలగడం చిన్న విముక్తి కాదు. మూడో తరానికి వచ్చేసరికి అవే కొన్నిచోట్ల పక్కవాడి భక్తిని కొలిచే కొలమానాలయ్యాయి. చెవులకు చిన్న దుద్దులు పెట్టుకున్న అమ్మాయిని సంఘం చూసే చూపులో సువార్త కంటే తీర్పే ఎక్కువ కనిపించిన సందర్భాలు ఉన్నాయి. సంఘ పెద్దలుగా మగవాళ్లే కూర్చున్నారు. ఇంట్లో పిల్లలకు బైబిలు నేర్పింది ఎక్కువగా తల్లులే అయినా, సంఘం దారి నిర్ణయించే చోట వాళ్ల మాట వినిపించలేదు.

పౌలు గలతీయులకు రాసిన పత్రిక సరిగ్గా ఈ సంగతి గురించే. విడుదల పొందినవాళ్లు మళ్లీ నియమాల కాడి కింద మెడ పెట్టవద్దని ఆయన బతిమాలాడు. అదే పత్రికలో, ఆ స్వేచ్ఛను శరీరానికి సాకు చేసుకోకుండా ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమనీ చెప్పాడు. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకోవడమే కష్టం. మొదటిది వదిలితే భక్తి బరువవుతుంది, రెండోది వదిలితే భక్తి మాటల్లోనే మిగులుతుంది. భక్త్‌సింగ్ తొలితరం సంఘాలు ఆ రెండింటినీ చాలావరకు పట్టుకున్నాయనడానికి నిదర్శనం వాళ్ల పందిళ్ల వైశాల్యం కాదు. ఎవరూ అడగకుండానే ఉదయాన్నే లేచిన ఇళ్లు.

జీవితం చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బు భక్త్‌సింగ్‌ను మంచానికి పరిమితం చేసింది. గంటల తరబడి మాట్లాడిన గొంతు మూగబోయింది. ఆయన ప్రసంగించలేని ఆ ఏళ్లలోనూ సంఘాలు ఆదివారాలు కూడుకున్నాయి, రొట్టె విరిచాయి, కొత్తవాళ్లకు బాప్తిస్మాలు ఇచ్చాయి. నాయకుడి గొంతు మీద నిలబడిన ఉద్యమం అయితే అప్పుడే ఆగిపోయి ఉండేది.

ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే ఇళ్లు తగ్గాయి. నైట్ షిఫ్టు ముగించుకుని ఐటీ ఉద్యోగులు అప్పుడే ఇంటికి చేరుతున్నారు. కుటుంబ ప్రార్థన కొన్ని ఇళ్లలో ఫోను కాల్ మీద జరుగుతోంది: కూతురు డాలస్‌లో, కొడుకు బెంగళూరులో, తల్లి ఇక్కడ. వేళలు మారాయి, అలవాటు కొన్నిచోట్ల బతికే ఉంది. కొన్నిచోట్ల బైబిలు యాప్ మోగుతుంది, చదివే మనిషి ఉండడు.

మొదటి తరం విశ్వాసుల్లో చాలామంది వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఎనభైలు దాటారు. వాళ్లలో భక్త్‌సింగ్ ప్రసంగాలను వాక్యం వాక్యం తెలిగించినవాళ్లున్నారు, సభల్లో వేల మందికి అన్నం వండినవాళ్లున్నారు, జీతం లేని సేవకుడి ఇంట్లో పెరిగి పెద్దయినవాళ్లున్నారు. వాళ్ల బైబిళ్ల అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న తేదీలు, ప్రార్థనలు ఉన్నాయి. తెలుగు సామాజిక చరిత్రకు అవి అమూల్యమైన ఆధారాలు, ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. తెల్లవారుజామున ఏం చదివేవారో, మొదటిసారి ప్రేమ విందులో ఎవరి పక్కన కూర్చున్నారో, ఇంట్లోవాళ్లు ఏమన్నారో అడిగి రాసి పెట్టండి. ఆ పాత బైబిలును పాత కాగితాల వాడికి వేయకండి.